ఎండెక్కితే పడే గేరు

సారపాకలో జామాయిల్ లారీలు ఆగే యార్డులో, ఇరవై మంది డ్రైవర్లు చూస్తుండగా కారు వెనక్కి రానంది. క్లచ్చు లేని ఆటోమేటిక్ కారు అది. డ్రైవర్ కోటేష్ బ్రేకు తొక్కిపట్టి, గేరు కడ్డీని రివర్స్ దగ్గరికి లాగి, మెల్లగా బ్రేకు వదిలాడు. ఇంజను గుర్రుమంది గానీ కారు కదల్లేదు. మళ్ళీ పార్కింగ్‌లోకి నెట్టి మళ్ళీ లాగాడు. మీటరు మీద రివర్స్ అక్షరం వెలగలేదు. ముందు గోడ, పక్కన తూకానికి వెళ్ళాల్సిన లారీకి కారే అడ్డం. లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం లేదు. డిసెంబరు నెల, పొద్దున ఏడున్నర. అడవి మీద నుంచి వచ్చే చలికి అందరి నోళ్ళలోంచీ పొగలు వస్తున్నాయి. కోటేష్ వీపు మాత్రం చెమటతో తడిసింది.

పక్క సీట్లో ఉన్న బాబూరావు ఖమ్మంలో తనకు తెలిసిన షెడ్డుకు ఫోన్ చేసి మాట్లాడి, విసురుగా తలుపు తీసుకుని దిగాడు. కారు ఆయనది, ఐదు వారాల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తల్లాడ చుట్టుపక్కల రైతుల దగ్గర జామాయిల్ కర్ర కొని మిల్లుకు తోలే కాంట్రాక్టరు. కోటేష్‌కు మేనత్త కొడుకు, బావ. ఇద్దరిదీ ఒకే తండా. ఇప్పుడు ఆయన ఖమ్మంలో ఖానాపురం హవేలిలో సొంతింట్లో ఉంటాడు, కోటేష్ రెండు వీధుల అవతల కిరాయి గదిలో ఉంటాడు.

"లారీ చెయ్యిరా నీది!" అని అరిచాడు బాబూరావు. "బండి ఆగకముందే రివర్స్ గుంజుతవ్. ఖమ్మం షెడ్డోళ్ళు ఫోన్‌లనే చెప్పిన్రు, ఇది డ్రైవర్ చేసిన పనే అని. గేర్‌బాక్స్ మొత్తం తీసి కొత్తది ఎయ్యాల్నంట. ఐదు వారాలల్ల బండిని ముసల్దాన్ని చేసినవ్ గదరా!"

టీ కొట్టు బల్ల మీద కూర్చున్న గోప్యా అనే లారీ డ్రైవరు గ్లాసు పైకెత్తి, "అరె, మనోడు డీజిల్ తాగుతడనుకున్న, గేర్లు గూడ మింగుతుండు" అన్నాడు. అందరూ నవ్వారు. పది నిమిషాల్లో కోటేష్‌కు 'గేరు మింగినోడు' అనే పేరు ఖాయమైపోయింది. న్యూట్రల్‌లో పెట్టి ఎనిమిది మంది కలిసి కారును వెనక్కి నెట్టారు. అందులో ఒకరిద్దరు కోటేష్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

ఇరవై రెండేళ్ళ నుంచి స్టీరింగ్ పట్టినవాడు కోటేష్. పొలం లేదు, చదువు లేదు, చెయ్యి మంచిదన్న పేరొక్కటే ఉంది. ఆ పేరు పొద్దున్నే, టీ తాగే టైముకు, తన కళ్ళ ముందే పోయింది. కాలు విరిగినా ఇంత బాధ ఉండేది కాదు.

"మెకానిక్ ఆరోగ్యం షెడ్డుల పెట్టు" అన్నాడు బాబూరావు, మిల్లు గేటు వైపు నడుస్తూ. "ఆయన గూడ గేర్‌బాక్సే పోయిందంటే ఇగ నువ్వు స్టీరింగ్ ముట్టకు. రేపు మద్యాన్నం వస్త."

కోటేష్ మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పది రోజుల నుంచి ఈ సంగతి తనకు తెలుసు. పొద్దున పూట రివర్స్ పడటం లేదని తెలిసి, ఎక్కడ ఆపినా ముందుకు దారి ఉండేలా ఆపుతూ వచ్చాడు. ఇంటి ముందు ముక్కు రోడ్డు వైపు పెట్టేవాడు. హోటళ్ళ దగ్గర అందరికంటే దూరంగా, ఖాళీ జాగాలో ఆపి, బాబూరావు విసుక్కుంటే "నీడ ఉన్నది బావా" అనేవాడు. చెబితే తన మీదికే వస్తుందని భయం. చెప్పకపోతే అదే పోతుందేమోనని ఆశ. దొంగకు తేలు కుట్టినట్టు పది రోజులు గడిపాడు. ఈ పొద్దున యార్డులో జాగా లేక గోడకు ఎదురుగా ఆపాల్సి వచ్చింది, అంతే.

ఆరోగ్యం షెడ్డు భద్రాచలం వంతెనకు వెళ్ళే రోడ్డు మీద ఉంది. పైన రేకులు, లోపల శిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు, మూలన ఊడదీసిన లారీ ఇంజను. ఆరోగ్యానికి అరవై దాటాయి. కళ్ళజోడుకు వెనక దారం కట్టుకుంటాడు. ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తడు. ముందు డ్రైవర్‌ను కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు.

"ఓనర్‌ను అడిగితే బండి ధర చెప్తడు, డ్రైవర్‌ను అడిగితే రోగం చెప్తడు" అన్నాడు స్టూలు చూపిస్తూ. "చెప్పు. ఎన్నడు మొదలైంది?"

కోటేష్ పది రోజుల సంగతీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు చిన్నదైపోయింది. చివరికి తనను ఎవరూ అడగని మాట కూడా చెప్పేశాడు.

"రెండుసార్లు బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ గుంజిన అన్నా. లారీ అలవాటు. గంతే, రెండేసార్లు. దానికే పోయిందంటవా?"

ఆరోగ్యం బీడీ ఆర్పి, తాళం తీసుకుని సీట్లో కూర్చున్నాడు. ముందొచ్చిన బండ్ల పనితో అప్పటికి మధ్యాహ్నం రెండయింది, కారు పొద్దుటి నుంచి ఎండలోనే ఉంది. బ్రేకు తొక్కి కడ్డీ లాగాడు. మీటరు మీద అక్షరం టక్కున వెలిగింది. కారు పెళ్ళికూతురిలా వెనక్కి వచ్చి షెడ్డు ముందు ఆగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. ఐదుసార్లు చేశాడు, ఐదుసార్లూ పడింది.

కోటేష్ కంగారుగా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పొద్దున ఇరవై మంది చూసిన్రు. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెందుకు? నేను నమ్మలేదని అన్ననా?" అన్నాడు ఆరోగ్యం. "పొద్దునే పడదు, ఎండెక్కితే పడతది. నీడకు ఆపిన రోజు ఏమైంది?"

కోటేష్ ఆలోచించాడు. "మంగళారం తల్లాడల చింతచెట్టు కింద ఆపిన. మద్యాన్నమే. అయినా పడలే."

"మరి నీడ ఉన్నదని నీడకే పెడ్తివి" అని నవ్వి ఆరోగ్యం కారును షెడ్డులోకి, ఇనప రేకుల నీడలోకి తెచ్చి ఆపాడు. "ఇయ్యాల దీన్ని ముట్టను. చలిల పండనీ. రోగం ఉన్నప్పుడే దవాఖానాకు పోవాలె, తగ్గినంక పోతే డాక్టరేం చూస్తడు?"

కోటేష్ ఆ రాత్రి షెడ్డులోనే బల్ల మీద పడుకున్నాడు. మర్నాడు పొద్దున ఆరున్నరకు ఆరోగ్యం వచ్చేసరికి మంచుకు కారు అద్దాలు తెల్లగా ఉన్నాయి. స్టార్ట్ చేసి కడ్డీ లాగితే, కోటేష్ చెప్పినట్టే, ఇంజను గుర్రుమంది తప్ప కారు కదల్లేదు. నడిపే బండి కదలనందుకు సంతోషించడం కోటేష్ జీవితంలో అదే మొదలు.

ఆరోగ్యం బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ కొలిచే సన్నటి పుల్లను లాగి, తెల్ల గుడ్డ మీద తుడిచాడు. నూనె దానిమ్మ గింజ రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కోటేష్ ముక్కు దగ్గర కూడా పెట్టాడు.

"ఏమన్న మాడిన వాసనొచ్చిందా?"

"లేదన్నా."

"నువ్వు గేర్లు మింగి ఉంటే ఇది నల్లగయ్యేది. మాడిన అట్టు వాసనొచ్చేది. నూనె మంచిగున్నది."

అయినా ఆయన అక్కడితో ఆగలేదు. నూనె బాగున్నంత మాత్రాన గేర్‌బాక్స్ బాగున్నట్టు కాదట. ఇద్దరూ కలిసి ముందు చక్రాలు రెండూ గాలిలో ఉండేలా కారును స్టాండ్ల మీదికి ఎత్తారు. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టారు. ఆరోగ్యం గాలి ఫిల్టరు డబ్బా పక్కకు జరిపి, లోపల గేర్‌బాక్స్ మీద ఉన్న చిన్న ఇనప చెయ్యిని చూపించాడు. లోపల సీటు దగ్గర కడ్డీ కదిపితే ఒక కేబుల్ ఈ చెయ్యిని లాగుతుంది, చెయ్యి ఎక్కడ ఆగితే ఆ గేరు పడుతుంది. ఆయన ఆ కేబుల్‌ను ఊడదీశాడు.

"ఇప్పుడు నీ చేతిల ఏం లేదు. స్టార్ట్ చేసి ఊకె కూసో."

కోటేష్ స్టార్ట్ చేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరోగ్యం స్పానర్ కొసతో ఇనప చెయ్యిని ఒక గంటు జరిపాడు. టక్కుమని చప్పుడు. ముందు చక్రాలు రెండూ మెల్లగా, ఏ ఇబ్బందీ లేకుండా, వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. కోటేష్ తల బయటికి పెట్టి ఆ చక్రం తిరగడమే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు మసకబారాయి. దాచుకోవాలనిపించలేదు.

"నీ గేర్‌బాక్స్ బంగారం లెక్కున్నది" అన్నాడు ఆరోగ్యం ఇంజను ఆపమని సైగ చేసి. "కడ్డీకి, కేబుల్‌కు నడుమనే ఏదో ఉన్నది. ఫోన్‌ల చెప్పినోళ్ళకు దండం పెట్టాలె."

కేబుల్ చూశారు, బాగానే ఉంది. ఇక మిగిలింది కడ్డీ. ఆరోగ్యం పక్క సీట్లో కూర్చుని, కళ్ళజోడు పైకి తోసి, కడ్డీ చుట్టూ ఉన్న సందును చాలాసేపు చూశాడు. స్క్రూడ్రైవరు ఎత్తలేదు. "గిటు రా" అని మెల్లగా పిలిచాడు. సీటు కింది నుంచి ఎర్ర చీమలు సన్నగా బారు కట్టి, కప్పు పెట్టుకునే గుంట పక్క నుంచి ఎక్కి, గేరు కడ్డీ సందులోకి దిగుతున్నాయి. కొన్ని తిరిగి వస్తున్నాయి.

"బండిల చక్కెర తింటవా?"

"నేనా? బండిల నీళ్ళు గూడ తాగ. బావకు పడదు."

నాలుగు స్క్రూలు తీసి, కడ్డీ పిడి ఊడదీసి, పైమూత ఎత్తారు. కింద మెట్లు మెట్లుగా కోసిన రేకు ఉంది. కడ్డీకున్న పిన్ను ఆ మెట్లలో దిగాలి. రివర్స్ మెట్టులో మాత్రం గోధుమ రంగు ముద్ద ఒకటి బిగుసుకుని ఉంది. పిన్ను పూర్తిగా దిగడానికి వీల్లేకుండా అడ్డం పడింది. వెంట్రుక వాసి తేడా, అంతే. కేబుల్ ఆ వెంట్రుక వాసి తక్కువ లాగుతోంది, గేరు పడటం లేదు. ఆరోగ్యం సన్నటి స్క్రూడ్రైవరుతో పెళ్ళగించి కాగితం మీద వేశాడు. రాయిలా ఉంది. బయట ఎండపొడలో పెట్టి పది నిమిషాలు చూస్తే మెత్తబడి, కాగితానికి అంటుకుంది. లోపల అన్నం మెతుకులు కనబడ్డాయి. ఆరోగ్యం వేలితో తాకి నాలిక మీద పెట్టుకున్నాడు.

"బెల్లమన్నం. నెయ్యి గూడ ఉన్నది" అన్నాడు. "చలికి బిగుసుకుంటది, ఎండకు మెత్తబడతది. చలి ముదిరింది గూడ పది రోజుల నుంచే. బండిల బెల్లమన్నం పోసిన మొగోడెవడయ్యా?"

అది ఎవరి ముద్దో కోటేష్‌కు తెలిసిపోయింది.

కారు కొన్న వారమే దీపావళి. తండాకు తీసుకెళ్ళారు. బాబూరావు తల్లి సోమ్లి, కోటేష్‌కు మేనత్త, ఇంటికి కొత్తగా ఏది వచ్చినా మొదటి ముద్ద దానికే పెడుతుంది. ఎడ్లు వస్తే ఎడ్లకు, గేదె వస్తే గేదెకు. ట్రాక్టరు కొన్నప్పుడు దాని ముందు జాలీకి పూసింది. కారుకు అలాంటిదేమీ కనబడక, బెల్లమన్నం గిన్నె పట్టుకుని చుట్టూ తిరిగి, తలుపులోంచి లోపలికి వంగి, కడ్డీ పక్క సందు చూసి, "ఇదీ దీని నోరు" అని ఇంత ముద్ద అందులో కూరింది. బాబూరావు పగలబడి నవ్వుతూ ఫోన్‌లో వీడియో తీశాడు. "ఇంకింత పెట్టు అమ్మా, పెద్ద బండి" అన్నది కూడా ఆయనే. ఆ వీడియో రెండు రోజులు ఆయన స్టేటస్‌లో ఉంది. కోటేష్ పైకి కనబడింది గుడ్డతో తుడిచాడు, లోపలికి పోయింది లోపలే ఉండిపోయింది.

విని ఆరోగ్యం కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మా ఇంటామె జోజమ్మ కొత్త కుట్టుమిషన్‌కు ప్రార్థన నూనె పోసింది, అది ఆర్నెల్లు కుట్టలే. ఎవరి భక్తి వాళ్ళది. ముసలామె తప్పేమున్నది?" అన్నాడు.

వేడినీళ్ళు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు. ఒక్కో మెట్టూ కడిగి, తుడిచి, ఆరబెట్టి, కొంచెం గ్రీజు రాశారు. రెండు గంటల పని. మూత బిగిస్తుండగా కోటేష్ ఫోన్ మోగింది. సోమ్లి అత్త. వాళ్ళ భాషలో, లంబాడీలో, గట్టిగా మాట్లాడుతుంది ఆమె, ఫోన్ అక్కర్లేదన్నట్టు.

"బండి ఖరాబయిందంట గద కొడుకా. నువ్వే చేసినవని అంటుండు బాబు. నిజమేనా?"

"చూస్తున్రు అత్తా."

"ఎవరి దిష్టి తగిలిందో. నేను నా చేత్తోటి ముద్ద పెట్టిన గనుక మీ పానాలు దక్కినయ్. లేకుంటే ఏ చెట్టుకో గుద్దుకునేటోళ్ళు. మల్ల వచ్చినప్పుడు ఇంకో ముద్ద పెడ్త."

కోటేష్ గోడకు ఆనుకున్నాడు. తల్లి కూలికి పోయిన రోజుల్లో ఈమె చేతి ముద్దలే తిన్నాడు. "ఇప్పుడొద్దులే అత్తా, బండి తింటలేదు" అని, నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేశాడు.

మూడింటికి బాబూరావు వచ్చాడు. ఆరోగ్యం ఆయనకు నూనె చూపించాడు, చక్రాల సంగతి చెప్పాడు, చివరికి కాగితం తెరిచి ముద్ద చూపించాడు. "గేర్‌బాక్స్‌కు ఏం కాలె. డ్రైవర్ తప్పు ఇసుమంత లేదు. నేను మాట ఇచ్చి చెప్తున్న."

బాబూరావు ముద్ద వైపు చూశాడు. మెతుకులు చూడగానే ఆయన ముఖంలో రంగు మారింది. ఆయనకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. కాగితం మడిచి ఆయనే తీసుకెళ్ళి రోడ్డు పక్క తుప్పల్లోకి విసిరేసి వచ్చాడు.

"అమ్మకు చెప్పకు" అన్నాడు కోటేష్‌తో. "తెలిస్తే అన్నం ముట్టదు."

"నేనెందుకు చెప్త బావా?"

కోటేష్ ఆ తర్వాతి మాట కోసం నిలబడ్డాడు. పెద్ద మాటేమీ కాదు. 'తప్పు నీది కాదురా' అంటే చాలు. బాబూరావు డబ్బులిచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, పక్క సీట్లో కూర్చుని, "యార్డు కాడికి పా, పేపర్లు తీసుకోవాలె" అన్నాడు.

యార్డులో నిన్నటి మనుషులే ఉన్నారు. కోటేష్ కారును మలుపు తిప్పి, రెండు లారీల మధ్య సందులోకి వెనక్కి పెట్టాడు. ఒక్కసారికే, అటు జానెడు, ఇటు జానెడు వదిలి. గోప్యా బల్ల మీద నుంచి, "ఏందిరో, కక్కినవా గేరు?" అన్నాడు.

బాబూరావు కులాసాగా దిగాడు. కోటేష్ భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేలా చెప్పాడు. "రిపేరు చేపించిన. మనోడే గద, చేసిన తప్పు తెలుసుకుండు. మాఫ్ చేసి మల్ల పనిల పెట్టుకున్న. మనిషన్నంక తప్పు చెయ్యడా?"

డ్రైవర్లు తలలూపారు. బాబూరావు మంచి మనసున్నవాడని ఒకరన్నారు కూడా. ఆ చెయ్యి భుజం మీద అలాగే ఉంది. కోటేష్‌కు నిన్నటి తిట్లు ఇంత బరువుగా అనిపించలేదు. నిన్న తప్పు చేశానేమోనని భయపడ్డాడు. ఇవాళ చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికింది. ఆ చెయ్యిని మెల్లగా తీసేశాడు.

"మాఫ్ దేనికి బావా?"

బాబూరావు గతుక్కుమన్నాడు. నవ్వు చెదరకుండానే దగ్గరికి వంగి, లంబాడీలో, గొంతు తగ్గించి అన్నాడు. "తప్పు మాదేరా. నీదేం లేదు. మనసుల పెట్టుకోకు. ఇంట్ల మాట ఇక్కడ తియ్యకు."

కోటేష్ రెండు రోజుల నుంచి ఎదురుచూసిన మాట అదే. వచ్చింది. కానీ ఎలా వచ్చింది? తిట్టినప్పుడు ఊరంతా వినేలా తెలుగులో తిట్టాడు. మాఫ్ చేసినప్పుడూ తెలుగులోనే చేశాడు. ఈ ఒక్క మాటకే సొంత భాష గుర్తొచ్చింది.

"అది తెలుగుల చెప్పు బావా" అన్నాడు కోటేష్, పైకే. "అమ్మ పేరు తియ్యకు, నేనూ తియ్య. నా తప్పు లేదని ఒక్క మాట చెప్పు. సాలు."

అందరూ బాబూరావు నోటి వంక చూస్తున్నారు. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు, చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి తెలుగులో, "రేపు ఆరింటికి రా" అన్నాడు.

కోటేష్ తాళం బానెట్ మీద పెట్టాడు. "రాను బావా."

రెండడుగుల దూరంలోని బల్ల మీద నుంచి గోప్యా లేచాడు. ఆయనది ఇల్లెందు వైపు తండా అన్న సంగతి బాబూరావుకు ఎన్నడూ పట్టలేదు. పట్టాల్సిన అవసరమూ రాలేదు. "నాకు గూడ వస్తది ఆ బాష" అన్నాడు గోప్యా మిగతావాళ్ళ వైపు తిరిగి. "తప్పు మాది, నీదేం లేదు అన్నడు. ఇప్పుడే. నేను ఇన్న." తర్వాత బల్ల మీద జరిగి జాగా ఇచ్చాడు. "కూసో కోటేష్. నిన్న నేనన్న మాట కూడా తప్పే."

కోటేష్ కూర్చుని టీ తాగాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒళ్ళంతా నొప్పిగా ఉంది. బాబూరావు ఎవరివంకా చూడకుండా స్టీరింగ్ ముందు కూర్చుని వెళ్ళిపోయాడు. ఆఖరి బస్సుకు కోటేష్ ఖమ్మం చేరాడు.

మర్నాడు ఆరింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. పోవాల్సిన చోటు లేదు. ముఖం కడుక్కుని గడపలో కూర్చున్నాడో లేదో, సోమ్లి అత్త ఫోన్.

"పది మందిల నా కొడుకు నిన్ను మాఫ్ చేసిండంట. నువ్వు తాళం పడేసి పోయినవంట. ఏందిరా నీకింత పొగరు?" గొంతు వణుకుతోంది. కోపమే కాదు, ఏడుపు కూడా ఉంది అందులో. "నేను ముద్ద పెట్టిన బండిరా అది. దాంట్ల దోషమెట్లుంటది? నువ్వే ఖరాబ్ చేసి, నువ్వే అలుగుతవా?"

నిజం కోటేష్ నోటి దాకా వచ్చింది. నిన్న యార్డులో ఇరవై మంది ముందు నిలబెట్టుకున్న మాట, ఇక్కడ ఈమె ఒక్కతి ముందు కూడా నిలబెట్టుకోవాలనిపించింది. బెల్లం, నెయ్యి, మెతుకులు. మూడు మాటలు చాలు. అవతల ముసలామె ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. చెబితే ఆమె చేతి ముద్ద ఇంకెప్పుడూ దేనికీ పెట్టలేని ముద్ద అయిపోతుంది.

"బండి మంచిగనే ఉన్నదత్తా" అన్నాడు. "నాకే ఇగ చేతనైతలేదు."

"గట్ల చెప్పు మరి" అందామె, గొంతు మెత్తబడింది. "చెయ్యి తప్పిందని ఒప్పుకుంటే అయిపాయె గద కొడుకా. సొంతోళ్ళం, ఎవరం ఏమంటం? నీ చెయ్యే తప్పింది, అంతేనా?"

వీధిలో షేర్ ఆటోలు మొదలయ్యాయి. కోటేష్ ఫోన్‌ను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

"అవ్ అత్తా" అన్నాడు.